గాజుపలకల మీద అడ్డచుట్ట

గట్టి అంగిలి ముక్క కొయ్యటం ఏ లాబ్ టెక్నీషియనుకీ ఇష్టమైన పని కాదు. నాలుక ముక్క మెత్తగా తెగుతుంది, బుగ్గ ముక్క ఇంకా సుఖం. అంగిలి అలా కాదు. పైపొర పుట్టుకతోనే గట్టి కెరాటిన్. అడుగున కాస్త ఎముక అంటుకుని వచ్చిందంటే ముందు దాన్ని యాసిడ్‌లో రోజుల తరబడి నానబెట్టి సున్నం తీసెయ్యాలి. తొందరపడి మైనంలో పోసి, పలచటి పొరలు కోసే మైక్రోటోముకి బిగిస్తే కత్తికి గాట్లు పడతాయి. మా రోజుల్లో బ్లేడు అంటే వాడి పారేసేది కాదు, బరువైన స్టీలు కత్తి. దాన్ని రాయి మీద నూరి, తోలుపట్టీ మీద పదును పెట్టుకోవటమూ మా పనే. గాటు పడ్డ కత్తితో కోస్తే సెక్షన్ నిండా గీతలు. గీతల సెక్షన్ ప్రొఫెసరుగారి బల్ల మీదికి వెళ్తే ఏం వినాల్సి వచ్చేదో ఇక్కడ రాయను.

విశాఖపట్నంలో నేను పనిచేసిన లాబ్‌కి అంగిలి ముక్కలు వస్తూనే ఉండేవి. బొంబాయి నుంచో ఢిల్లీ నుంచో పరీక్షలకని వచ్చిన పెద్ద డాక్టర్లు మా రిజిస్టరు తిరగేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసేవారు. నోటి క్యాన్సర్లలో గట్టి అంగిలికి వచ్చేది మిగతా ప్రపంచంలో బాగా అరుదు. మాకు అది మామూలు వ్యవహారం. ఫారం మీద పేరు చూస్తే ఆడమనిషి, వయసు యాభైకి అటూ ఇటూ, ఊరు సముద్రం ఒడ్డునో ఏటి పక్కనో. అలవాట్లు రాసే గడిలో డాక్టరుగారి గొలుసుకట్టు రాత: అడ్డచుట్ట.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని కాల్చేది అడ్డచుట్ట. కొందరు అడ్డపొగ అంటారు. ముందు అందరిలాగే వెలిగిస్తారు. రెండు మూడు దమ్ములు లాగి, నిప్పు సమంగా అంటుకున్నాక, చుట్టని తిప్పి మండే కొసని లోపలికి పంపి పెదాలు బిగిస్తారు. బయటికి కనిపించేది కాలని కొస ఒక్కటే. గాలి ఆ కొసలోంచి లోపలికి పోయి నిప్పుని బతికిస్తుంది. పొగ పెదాల సందుల్లోంచో, చుట్ట గొట్టంలోంచో వెనక్కి వస్తుంది. నాలుక కిందికి అణిగి ఉంటుంది, నిప్పు సెగంతా పైకి, అంగిలికి. పెదాల తడికి ఆకు నిదానంగా కాలుతుంది. మామూలుగా కాలిస్తే రెండు నిమిషాల్లో అయిపోయే చుట్ట ఇలా తిప్పి పెట్టుకుంటే పద్దెనిమిది నిమిషాల దాకా నిలుస్తుందని పరిశోధకులు లెక్క కట్టారు. బూడిద కొందరు ఉమ్మేస్తారు, కొందరు మింగేస్తారు.

మా అమ్మమ్మది కళింగపట్నం దగ్గర పల్లె. ఆవిడ నోట్లో చుట్ట ఉందో లేదో చూసి చెప్పటం కష్టం. అది పెట్టుకునే మాట్లాడేది, చేప కోసేది, మనవల్ని ఒళ్ళో వేసుకునేది. నేను కాలేజీలో చేరాక ఒకసారి అడిగాను, ఎందుకే అమ్మమ్మా నిప్పు లోపల పెట్టుకుంటావు అని. నన్ను ఎగాదిగా చూసింది. "ఏటిరా, సదువుకున్నోడివి, తెలదా? నిప్పు నోట్లో ఉంటే కోకంటుకోదు, కప్పంటుకోదు, గాలికి ఆరదు. మీ తాత సుట్టకి ఒక సెయ్యి కాపలా. నాకు రెండు సేతులూ కాళీయే గదా!"

ఇంతకన్నా బాగా ఏ పరిశోధన పత్రమూ చెప్పలేదని నా అభిప్రాయం. తర్వాత చదివినవాటిలో కనిపించిన కారణాలన్నీ దాదాపు ఇవే. సముద్రం గాలికీ తుంపరకీ చుట్ట ఆరిపోకుండా ఉండటం. తాటాకు ఇంట్లో నిప్పురవ్వ రాలకుండా ఉండటం. పెద్దవాళ్ళ ఎదట నిప్పు కనపడకుండా ఉండటం. పంటినొప్పికి ఉపశమనం అనే నమ్మకం. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మో అత్తో అలా కాలుస్తుంటే చూసి నేర్చుకోవటం. మగవాళ్ళూ కొందరు కాల్చేవారు, రాత్రి వేటకెళ్ళే పడవల్లో. కానీ ఇది ప్రధానంగా ఆడవాళ్ళ అలవాటు. మన దేశంలో పొగ తాగటం ఎక్కువగా మగవాడి సొమ్ము. ఈ మూల మాత్రం లెక్క తిరగబడింది.

తెలుగులో చుట్ట అనగానే కన్యాశుల్కం నాటకంలోని గిరీశం గుర్తొస్తాడు. ఆ పాత్ర పుట్టింది విజయనగరంలోనే. అది మగవాడి చుట్ట, దర్జాకీ కబుర్లకీ కోతలకీ పనికొచ్చే చుట్ట. అదే విజయనగరం చుట్టుపక్కల పొలాల్లో, రేవుల్లో, చాకిరేవుల దగ్గర ఆడవాళ్ళ నోళ్ళలో లోపలికి తిరిగి ఉన్న చుట్ట నాకు మన నాటకాల్లో గానీ కథల్లో గానీ ఏ కథానాయకురాలి నోటా కనపడలేదు. బయటికి కనపడకుండా కాల్చుకున్నది పుస్తకాల్లోనూ కనపడకుండానే పోయింది. ఈ ఆచారానికి రాతలో ఉన్న చరిత్ర దాదాపు అంతా పాథాలజీ పత్రికల్లో ఉంది. దాన్ని రాసినవాళ్ళు కవులూ కాదు, చరిత్రకారులూ కాదు. ముక్క కోసి, రంగు వేసి, కణాలు చూసినవాళ్ళు. ఈ వ్యాసం రాయటానికి కారణం అదే.

పొగాకు మనది కాదన్నది తెలిసిన కథే. అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి వచ్చింది. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే మొగలు ఉద్యోగి బీజాపూరు నుంచి పొగాకు తీసుకెళ్ళి అక్బరుకి చూపించినట్టు తనే రాసుకున్నాడు. గోదావరి లంకల ఒండ్రు దానికి అచ్చొచ్చి లంక పొగాకు అన్న పేరు పుట్టింది, చుట్టకి అంతకు మించిన ఆకు లేదని మా తాత వాదన. నిప్పు లోపల పెట్టుకోవటం మాత్రం మన ఒక్కరిదే కాదు. కరీబియన్ దీవుల్లో, పనామాలో, కొలంబియాలో, వెనెజులాలో, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఉంది. అక్కడా చాలాచోట్ల ఆడవాళ్ళే. మన పక్కన ఒడిశాలోనూ ఉంది. అయితే ఇంత పెద్ద జనాభాలో, ఇంత దట్టంగా, ఇన్నేళ్ళు పరిశోధకుల కంటికి ఆనింది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరమే.

చేసే పనికీ క్యాన్సరుకీ లంకె పెట్టిన తొలివాళ్ళలో ఒకడు లండన్ సర్జన్ పెర్సివల్ పాట్. పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్ళకి పెద్దయ్యాక వృషణాల సంచి మీద పుట్టే పుండు మసి వల్లేనని 1775లో రాశాడు. కాశ్మీరులో చలికి బట్టల కింద నిప్పుల కాంగ్డీ పెట్టుకునేవాళ్ళకి పొట్ట మీదా తొడల మీదా వచ్చే క్యాన్సర్ని శ్రీనగర్ మిషన్ ఆసుపత్రి డాక్టర్లు గుర్తించారు. 1915లో జపానులో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేలు చెవులకి నెలల తరబడి బొగ్గుతారు పూసి పూసి కణితి పుట్టించి చూపించారు. అప్పటిదాకా ఇది అనుమానం, ఆ కుందేళ్ళ తర్వాత రుజువు.

విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ 1923లో పెట్టారు. కింగ్ జార్జి ఆసుపత్రిదీ అదే ఏడు. అటు గంజాం దాకా, ఇటు గోదావరి దాకా పెద్ద రోగమంటే అందరూ అక్కడికే చేరేవారు. అలా చేరితేనే లెక్క తేలుతుంది. పల్లెలో ఒక ముసలమ్మకి అంగిట్లో పుండు పడితే అది ఆవిడ ఖర్మ. ఒకే వార్డులో అలాంటి ముసలమ్మలు వరసగా పడుకుంటే అది ప్రశ్న. 1937లో ఎం.జి.కిణి, కె.వి.సుబ్బారావు అనే ఇద్దరు డాక్టర్లు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో క్యాన్సర్ సమస్య గురించి రాస్తూ ఈ తీరపు అంగిలి క్యాన్సర్లనీ అడ్డచుట్టనీ పక్కపక్కన పెట్టారు. తర్వాత ఎనిమిదేళ్ళకి, 1945లో, బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పాథాలజిస్టు వి.ఆర్.ఖానోల్కర్, బి.సూర్యాబాయితో కలిసి అమెరికా పత్రిక ఆర్కైవ్స్ ఆఫ్ పాథాలజీలో ఒక వ్యాసం అచ్చేశారు. మన దేశపు అలవాట్ల వల్ల పుట్టే మూడు కొత్తరకం క్యాన్సర్ల గురించి. నడుం దగ్గర పంచె బిగింపు ఒరిపిడికి వచ్చేది ఒకటి, పెదవి వెనక ఖైనీ అదిమి పెట్టుకునేవాళ్ళకి వచ్చేది ఇంకొకటి, మూడోది మన చుట్టది. ప్రపంచ పాథాలజీలో తెలుగు ఆడవాళ్ళ నోరు నమోదైంది అక్కడ. అమ్మమ్మకి చెప్తే నవ్వేది.

1957లో డి.జి.రెడ్డి, వి.కె.రావు కోస్తా ఆంధ్ర అంగిలి క్యాన్సర్ల మీద ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో నేరుగా రాశారు, కారణం మండే కొస లోపల పెట్టుకోవటమే అని శీర్షికలోనే చెప్పేస్తూ. అప్పుడొక చిక్కు ప్రశ్న వచ్చింది. తప్పు పొగాకుదా, వేడిదా? పొగాకు తారులో విషాలున్నాయి, నిజమే. కానీ మామూలుగా చుట్ట కాల్చే మగవాడికి అంగిలి ఇలా పాడవదు. వేడే అయితే రోజూ మరిగే కాఫీ తాగేవాళ్ళ సంగతేమిటి? 1960లో డి.జి.రెడ్డి, డి.బి.రెడ్డి, పి.ఆర్.రావు క్యాన్సర్ అనే అమెరికా పత్రికలో పొగాకు తారునీ వేడినీ కలిపి చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. కుందేలు చెవికి తారు పూసిన యమగివా దారినే వీళ్ళూ నడిచారు, పక్కన వేడిని కూడా పెట్టుకుని. ఈ రెంటినీ విడదీసి ఒకదాని మీదే నేరం మోపటం కుదరదని నా అనుభవం కూడా చెబుతుంది. సెక్షన్‌లో కాలిన పుండూ కనపడుతుంది, పొగ సంవత్సరాల తరబడి చేసిన పనీ కనపడుతుంది, రెండూ ఒకే పలక మీద.

ఆ పలక ఎలా తయారవుతుందో కాస్త చెప్పనివ్వండి, నా జీవితం గడిచింది అక్కడే. ఫార్మలిన్‌లో వచ్చిన ముక్కని ఆల్కహాలు మెట్లెక్కించి నీరంతా తీసి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనంలో పోసి బ్లాక్ చేస్తాం. మైక్రోటోము చక్రం తిప్పితే నాలుగైదు మైక్రాన్ల మందాన పొరలు రిబ్బన్లాగా దిగుతాయి. వాటిని గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలితే పాల మీద మీగడలా పరుచుకుంటాయి. అప్పుడు గాజుపలకతో ఎత్తుకోవాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి, అందుకే ఫ్యాను కట్టేసి విశాఖపట్నం ఉక్కలో చెమటలు కారుస్తూ కూర్చునేవాళ్ళం. మైనం కరిగించేశాక హిమటాక్సిలిన్, తర్వాత ఇయోసిన్. హిమటాక్సిలిన్ మెక్సికో వైపు పెరిగే ఒక చెట్టు చేవలోంచి తీస్తారు, కణాల కేంద్రకాలు ఊదా నీలం అవుతాయి. ఇయోసిన్ మిగతాదంతా గులాబీ చేస్తుంది. మంచి ముక్క అయితే అంగిలి పొరలు వరసలో నిలబడతాయి. అడుగున చిన్న నల్లటి కణాల వరస, పైకి పోయేకొద్దీ చదునవుతూ, చివరికి కేంద్రకాలు లేని కెరాటిన్ పొర.

అడ్డచుట్ట అంగిలి అలా ఉండదు. కెరాటిన్ మందం రెట్టింపవుతుంది, పైకి చూస్తే తెల్లగా పగుళ్ళు వారినట్టుంటుంది. గట్టి అంగిలి వెనకభాగంలో చర్మం కింద చిన్న చిన్న లాలాజల గ్రంథులుంటాయి, వాటి నాళాలు పైకి తెరుచుకుంటాయి. ఆ మూతులు వాచి ఎర్రటి చుక్కల్లా లేస్తాయి. కొన్నిచోట్ల నల్లమచ్చలు పడతాయి. పొగ మెలనిన్‌ని పెంచుతుంది. ఇంకా కొన్నిచోట్ల ఉన్న రంగు కూడా పోయి బొల్లి మచ్చలా పాలిపోతుంది. ఈ రంగు పోవటం మీద విడిగా 1992లో ఒక పరిశోధన అచ్చయింది. మధ్యలో నిప్పు నేరుగా తగిలిన చోట కాలిన పుండ్లు. ఆపైన చర్మం పలచబడి ఎర్రబారిన మచ్చలు. డాక్టర్లు భయపడేది ఈ ఎర్రమచ్చలకే. తెలుపు చూసి జనం బెదిరిపోతారు, నిజానికి ఎరుపు ప్రమాదం. సెక్షన్‌లో ఎరుపు కింద అడుగు వరస కణాలు క్రమం తప్పుతాయి, కేంద్రకాలు ఉబ్బి ముదురు నీలంగా ఒకదాన్నొకటి తోసుకుంటాయి, విభజన జరగకూడని ఎత్తులో జరుగుతూ కనపడుతుంది. ఆ అడుగు పొర తెగి కణాలు కిందికి దిగితే ఇక దాని పేరు క్యాన్సరు.

విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో సి.ఆర్.ఆర్.ఎం.రెడ్డిగారి బృందం 1971, 72లలో చేసిన పని నా దృష్టిలో ఈ మొత్తం కథకి ఆయువుపట్టు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో పొగవాళ్ళ అంగిలి కణజాలం మీద. మరుసటి ఏడు క్యాన్సర్ పత్రికలో ఆ లాలాజల గ్రంథుల నాళాల మీద. అందరూ పైపొర చూస్తుంటే వీళ్ళు ఆ సన్నటి నాళాల లోపలి గోడ చూశారు. నాళం గోడలోని కణాలు ఎక్కువై, రకం మారి, పైపొర కణాల్లాగా చదునవటం ఎవరైనా ఓపికగా చూస్తే కనపడుతుంది. పొగ మూతి దగ్గర ఆగదు, నాళంలోకి దిగుతుంది. అలా నాళం నిలువునా దొరికేలా ముక్కని సరైన కోణంలో బ్లాకులో పెట్టటం ఎంత కష్టమో ఆ వ్యాసాల్లో రాయరు. వాటి వెనక పేరు లేని టెక్నీషియన్లు ఎవరో గానీ, మంచి చెయ్యి.

ఇదంతా ఆసుపత్రికి వచ్చినవాళ్ళ కథ. రానివాళ్ళ సంగతి ఏమిటని అడిగినవాళ్ళు బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం వాళ్ళు. ఆ విభాగానికి పెద్ద ఫాలీ మెహతా. ఆయనతో చేతులు కలిపినవాడు కోపెన్‌హేగన్ నుంచి వచ్చిన డెన్మార్క్ దేశస్థుడు యెన్స్ పిండ్‌బోర్గ్, నోటి పాథాలజీలో ప్రపంచంలోనే పెద్ద పేరు. 1966లో మొదలుపెట్టి ఐదు జిల్లాల్లో, ఎర్నాకుళం, భావ్‌నగర్, దర్భంగా, సింగ్‌భూమ్, మన శ్రీకాకుళం, 50,915 మంది పల్లెజనం నోళ్ళు ఇంటింటికీ వెళ్ళి చూశారు. శ్రీకాకుళంలో చూసినవాళ్ళు 10,169 మంది. ఇప్పటి విజయనగరం జిల్లాలో కొంత అప్పట్లో శ్రీకాకుళమే. ఆ లెక్క 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. ఆ పదివేల పైచిలుకు జనంలో 43.8 శాతం అడ్డచుట్టవాళ్ళు.

ఈ అంకె దగ్గర కాస్త ఆగండి. ఇది ఎక్కడో నలుగురు ముసలమ్మల వింత కాదు. చూసినవాళ్ళలో దగ్గర దగ్గర సగం మంది. పట్నంలో కూర్చున్న మనకి అది కనపడలేదంటే లోపం మన చూపుది. పల్లెటూరి ఆడమనిషి పరాయి మగవాడి ఎదట నోరు తెరిచి తల వెనక్కి వాల్చి కూర్చోవటం చిన్న విషయం కాదు, అది 1966. మా వైపు ఆడవాళ్ళు నవ్వితే కొంగు అడ్డం పెట్టుకునేవారు. అలాంటి చోట పదివేల మంది చేత నోరు తెరిపించిన ఆ దంతవైద్యుల ఓపికకి దండం పెట్టాలి. తెరిచినవాళ్ళకి ఇంకా పెద్ద దండం. నోటి పాథాలజీ పాఠ్యపుస్తకాల్లో అడ్డచుట్ట అంగిలి అని అచ్చయ్యే బొమ్మల వెనక ఉన్నది ఇలాంటి నోళ్ళే. డెన్మార్క్ విద్యార్థి చదివినా బ్రెజిల్ విద్యార్థి చదివినా నేర్చుకునే తేడా ఒకటే. మామూలు పొగరాయుడి అంగిలి తెల్లబడితే దానంతట అది క్యాన్సరుకి దారి తియ్యదు, నిప్పు లోపల పెట్టుకునేవాళ్ళ అంగిలి తీస్తుంది.

తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్‌లలో పదేళ్ళ పాటు అవే మనుషుల నోళ్ళు మళ్ళీ మళ్ళీ చూశారు. 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పి.సి.గుప్తా, మెహతా, ఇరానీ అడ్డచుట్టవాళ్ళ మరణాల లెక్క రాశారు. క్యాన్సరు సంగతి అటుంచి, మొత్తంగానే వీళ్ళలో చావులు ఎక్కువ, ఆడవాళ్ళలో మరీ. నాకు ఒక అభ్యంతరం ఉంది, అది చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఆ మొదటి పదేళ్ళలో ముఖ్యంగా జరిగింది చూడటం, రాసుకోవటం. గట్టిగా మానిపించే పని పెట్టుకున్నది 1977 ప్రాంతంలో. సైన్సుకి ఆ పదేళ్ళు అవసరమే, అవి లేకపోతే మచ్చ క్యాన్సరుగా ఎలా మారుతుందో తెలిసేది కాదు. అయినా రాసుకున్న పేజీల్లో మా ఊరి పేర్లుంటాయి కదా, నాకు చదవటం తేలిక కాదు.

మానిపించే పని మాత్రం బాగా చేశారు. మూడు జిల్లాల్లో 36 వేలకి పైగా పొగాకువాళ్ళు. దంతవైద్యులు ముఖాముఖి కూర్చుని చెప్పటం, బొమ్మలు, సినిమాలు. ఏటా వచ్చి నోరు చూసి మళ్ళీ చెప్పటం. 1986లో లాన్సెట్‌లో అచ్చయింది ఆ ఫలితం. చెప్తే మానతారు, మానితే మచ్చలు తగ్గుతాయి. చదువు లేనివాళ్ళకి చెప్పి ప్రయోజనం లేదని మా లాబ్‌లోనే కొందరు అనేవారు. ఆ వ్యాసం వాళ్ళ బల్ల మీద నేనే పెట్టాను.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళది ఇంకో దారి. కమలా కృష్ణస్వామిగారి బృందం అంగిట్లో మచ్చలున్న అడ్డచుట్టవాళ్ళకి ఒక ఏడాది పాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చి చూసింది. 1995లో ప్రచురించిన లెక్క ప్రకారం మందు తీసుకున్నవాళ్ళలో 57 శాతం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 8 శాతం మందికే. గంజి తాగి చేపల బుట్ట మోసే మనిషి అంగిలి, పాలూ పళ్ళూ తినే మనిషి అంగిలి ఒకే నిప్పుని ఒకేలా తట్టుకోవని అర్థం. నాకు ఇంకా నచ్చింది వాళ్ళు కొలిచిన తీరు. కత్తి లేదు, కుట్టు లేదు. అంగిలి మీద మెల్లగా గీకి, రాలిన కణాలని పలక మీద పరచటమే. కణం విభజన పొందేటప్పుడు క్రోమోజోము ముక్క తెగి వెనకబడితే, అది అసలు కేంద్రకం పక్కన బుల్లి కేంద్రకంగా మిగిలిపోతుంది. మైక్రోన్యూక్లియస్ అంటారు. అవి ఎన్నున్నాయో లెక్కపెడితే ఆ కణజాలానికి జరుగుతున్న హాని తెలుస్తుంది. కెనడా శాస్త్రజ్ఞుడు హాన్స్ స్టిష్ 1992లో ఒడిశా అడ్డచుట్టవాళ్ళ నోళ్ళలో ఇవి ఎక్కడ పోగవుతున్నాయో చూపించాడు. చుట్ట నిప్పు తగిలే చోటే.

ఇప్పుడు అలవాటు బాగా తగ్గింది. మా అమ్మ కాల్చలేదు, మా చెల్లెళ్ళకి చుట్ట పట్టుకోవటం రాదు. తాటాకు ఇళ్ళు పోయి స్లాబులొచ్చాయి, పడవలకి ఇంజన్లొచ్చాయి, నిప్పు దాచుకోవాల్సిన అవసరాలు ఒక్కొక్కటే జారిపోయాయి. పెద్ద వయసు ఆడవాళ్ళలో మాత్రం ఇంకా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంతరోజు తిరిగితే మీరే చూడొచ్చు, పెదాల మధ్య వేలెడు ఆకు చుట్ట, పొగ సన్నగా. అంటే అంగిలి ముక్కలు ఇంకా కొన్నాళ్ళు వస్తాయి.

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు లాబ్‌కి వెళ్ళి కొత్త పిల్లలతో కూర్చుంటాను. ఇప్పటి ఫారాలు కంప్యూటరులో ఉంటాయి. అలవాట్ల దగ్గర ధూమపానం అని ఒక గడి, అవును లేదా కాదు. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మని పొగ తాగుతావా అని అడిగితే లేదంటుంది. ఆవిడ లెక్కలో పొగ తాగటమంటే మగవాళ్ళు సిగరెట్టూ బీడీ కాల్చటం. కాదు అని నొక్కేస్తారు. ముక్క మా దగ్గరికి వస్తుంది, కెరాటిన్ మందంగా, నాళాల మూతులు వాచి, ఎర్రమచ్చ కింద కణాలు చెదిరి. రెసిడెంటు కుర్రాడు స్లయిడు చూసి, ఫారం చూసి, ఏమీ అర్థంకాక నా వైపు చూస్తాడు. వార్డుకి ఫోను చేసి, చుట్ట కాలుస్తుందా, కాలిస్తే నిప్పు లోపలా బయటా అని అడగమంటాను. ఆ రెండు ప్రశ్నలూ ఫారంలో చేర్చమని పైవాళ్ళకి ఉత్తరం కూడా రాశాను, ఇంకా జవాబు రాలేదు.